తెలిసిన సంగతి, తెలిసిన కాలము

సాఫ్ట్‌వేరు నిర్మాణమున ప్రోగ్రాము వ్రాయుటకన్న, ఏ నిర్ణయము ఎప్పుడు, ఎందుకు జరిగినదో జ్ఞాపకముంచుకొనుట కష్టము. అడుగుదమన్న నాటివారు వేరొక ఉద్యోగమునకు పోయియుందురు.

ఇందులకు నాలెడ్జ్ గ్రాఫ్ అను పద్ధతి కలదు. మనుషులు, ప్రోగ్రాములు, నిర్ణయములు అందు బిందువులు. వాని సంబంధములు గీతలు. కాని తేదీ లేని గీత మనలను మోసగించును. పైథాన్ భాషనే చూతము. 2010లో వెలువడిన దాని 2.7 వెర్షనుకు 2015 వరకే మరమ్మతులని నిర్వాహకులు తొలుత నిర్ణయించిరి. 2014లో ఆ గడువును 2020కి పొడిగించిరి. పాత గడువును చెరిపి క్రొత్తది వ్రాసితిమనుకొందము. 2013లో ఆదరాబాదరాగా పైథాన్ 3కు మారిన బృందమేదైన నున్నచో, అది మనకు తెలివితక్కువదిగా తోచును. నాడు వారికి తెలిసిన గడువు 2015 గదా!

కావున కాలసహితమైన గ్రాఫులో ప్రతి గీతకు రెండు కాలములు వ్రాయుదురు: సంగతి వర్తించు కాలము, అది నమోదైన కాలము. పాత గీతను చెరుపక, ఇంతవరకే నమ్మితిమని ముగింపు తేదీ వేయుదురు. రిజిస్టరులో తప్పును రబ్బరుతో చెరుపక, ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ప్రక్కన తేదీతో సంతకము చేయు గుమాస్తా ఈ సూత్రము నెఱిగినవాడే.

ఇట్టి గ్రాఫును 2013లో నిలిచి చూచినచో గడువు 2015 అనును. నేటినుండి చూచినచో 2020 జనవరి 1 అనును. అయితే తేదీలు వేయుటకు బద్ధకించు బృందమునకు ఇది అక్కరకు రాదు. విద్యార్థులు తమ ప్రాజెక్టు నోటుపుస్తకమున నేడే రెండు తేదీల గడులు గీసి చూడవచ్చును.