ఒక్క చోటు కోసం ముగ్గురు: ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కెరీర్

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో సమంగా నిలవడంతో పెనాల్టీ షూటౌట్ తప్పలేదు. హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. హైదరాబాద్‌కు తొలి టైటిల్ దక్కింది. అవతలి జట్టు గోల్ కాసిన ప్రభ్‌సుఖన్ గిల్‌కు అప్పుడు 21 ఏళ్లు. సీజన్ మొదట్లో అతను రిజర్వు కీపర్. మొదటి కీపర్ అల్బినో గోమ్స్ గాయపడితేనే అతనికి చోటు దొరికింది. అలా వచ్చినవాడు ఆ సీజన్ ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ పట్టుకెళ్లాడు.

గోల్‌కీపర్ అవుతానంటూ వచ్చే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నేను ముందు చెప్పేది గిల్ సంగతే. క్లబ్ జట్టులో సాధారణంగా ముగ్గురు కీపర్లుంటారు. ఆడేది ఒక్కడు. వింగర్‌ను చివరి ఇరవై నిమిషాలకు సబ్‌స్టిట్యూట్‌గా దించి చూస్తారు, మిడ్‌ఫీల్డర్‌ను ఇంకో స్థానంలో సర్దుతారు. కీపర్‌కు ఆ వెసులుబాటు లేదు. మొదటివాడికి దెబ్బ తగలాలి, రెడ్‌కార్డు పడాలి, లేదా ఫామ్ పోవాలి. అప్పటిదాకా ప్రతిరోజూ, ఈరోజు మ్యాచ్ నాదే అన్నంత శ్రద్ధగా ప్రాక్టీస్ చేయాలి. ఆట రావడం ఒక ఎత్తు, ఆడకుండా ఏడాది గడిపినా ఆట పాడవకుండా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. రెండోది చేతకాదనిపిస్తే ఈ దారిలోకి రాకపోవడమే మంచిది. చేతనవుతుందంటే మాత్రం, మన దేశంలో ఇంతకంటే ఆశ ఉన్న స్థానం ఫుట్‌బాల్‌లో మరొకటి లేదని నా నమ్మకం.

కారణం లెక్కలోనే ఉంది. ఐఎస్‌ఎల్ క్లబ్బులు విదేశీ ఆటగాళ్లను పరిమిత సంఖ్యలోనే తీసుకోవాలి. ఆ కోటాను ఎక్కువగా గోల్స్ కొట్టేవాళ్లకు, ఆట నడిపే మిడ్‌ఫీల్డర్లకు, సెంటర్‌బ్యాక్‌లకు ఖర్చుపెడతారు. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఇంగ్లండ్ మాజీ కీపర్ డేవిడ్ జేమ్స్ లాంటివాళ్లు వచ్చారు గానీ, తర్వాత్తర్వాత గోల్ కాసే పని దాదాపుగా భారతీయుల చేతికే వచ్చింది. మన స్ట్రైకర్ బ్రెజిల్, స్పెయిన్ ఆటగాళ్లతో పోటీపడి చోటు తెచ్చుకోవాలి. మన కీపర్ పోటీ మనవాళ్లతోనే.

మనకు వారసత్వమూ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరాడు. మొదట సెంటర్ ఫార్వర్డ్, కీపర్ అయింది తర్వాతే. 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ స్వర్ణ జట్టుకు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన పిల్లల్లో ఎందరికి ఈ పేర్లు తెలుసు? తెలియాలి.

మన గ్రౌండ్లలో ఒక చెడ్డ అలవాటుంది. పరిగెత్తలేనివాణ్ని, అందరికంటే చిన్నవాణ్ని, ఆట రానివాణ్ని తీసుకెళ్లి గోల్‌లో నిలబెడతారు. నిజానికి అక్కడ నిలబడాల్సింది జట్టులోకెల్లా చురుకైనవాడు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ చుక్క 11 మీటర్ల దూరం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కొడితే బంతి సుమారు 0.4 సెకన్లలో గీత దాటుతుంది. బంతి గాల్లోకి లేచాక ఎటు దూకాలో ఆలోచించే వ్యవధి ఉండదు. కొట్టేవాడి ఆనించిన కాలు, నడుము ఎటు తిరుగుతున్నాయో ముందే చదవాలి. అందుకే కీపర్ శిక్షణలో డైవింగ్ కంటే ఎక్కువ సమయం నిలబడే చోటు మీద, అడుగుల మీద పోతుంది. రెండడుగులు ముందుకొచ్చి కోణం తగ్గించినవాడికి దూకే అవసరమే తక్కువ. టీవీలో మెరిసే గొప్ప సేవ్‌లలో కొన్ని, నిలబడిన చోటు తప్పైనందువల్ల తప్పనిసరైనవేనని కోచ్‌లు చెప్పేది అందుకే.

కాళ్ల పని గురించీ చెప్పాలి. 1992లో బ్యాక్‌పాస్ నిబంధన వచ్చాక, సొంత జట్టువాడు కాలితో కావాలని ఇచ్చిన పాస్‌ను కీపర్ చేత్తో పట్టుకోకూడదు. 2019 నుంచి గోల్‌కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడికి అందించవచ్చు. దాంతో ఆట కీపర్ కాలి దగ్గరే మొదలవుతోంది. 2025-26 నిబంధనల్లో ఇంకో మార్పు: బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తారు. కాళ్ల పని ఇంత ముఖ్యం కాబట్టి పన్నెండేళ్ల లోపు పిల్లల్ని పూర్తిగా గోల్‌కే అంకితం చేయకండి. వారంలో కొన్ని రోజులు బయట ఆడనివ్వండి. రెండు కాళ్లతో పాస్ ఇవ్వడం అప్పుడే వస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్లకు కీపింగ్‌ను గట్టిగా పట్టుకుంటే ఆలస్యమేమీ కాదు. ఎత్తు సంగతి దాచను. ప్రొఫెషనల్ స్థాయిలో ఆరడుగులకు అటూఇటూ ఉన్నవాళ్లనే క్లబ్బులు వెతుకుతాయి, పొట్టి కీపర్లు అరుదు. అయితే పదమూడేళ్ల పిల్లాడి ఎత్తు చూసి తీర్పు చెప్పడం అన్యాయం.

ఇక దారి. స్కూలు జట్టు, జిల్లా జట్టు, స్కూల్ గేమ్స్, సుబ్రతో కప్, తర్వాత రాష్ట్ర జూనియర్, సంతోష్ ట్రోఫీ జట్లు పాత మెట్లు. వాటి పక్కనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) వేర్వేరు వయసులవారికి నడిపే యూత్ లీగ్‌లు వచ్చాయి. ఇప్పుడు క్లబ్బుల కళ్లు ఎక్కువగా వీటి మీదే ఉంటాయి. వీటిలో ఆడే అకాడమీలో చేరడం ముఖ్యం. 1987లో మొదలైన జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో చదివి వచ్చినవాడే మాజీ భారత కీపర్ సుబ్రతా పాల్. మన దగ్గర ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చిన శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఉంది, అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణ ఉంది. అకాడమీని ఎంచుకునేటప్పుడు మైదానం పచ్చదనం చూసి మురిసిపోకండి. ఒకే ప్రశ్న అడగండి: కీపర్లకు ప్రత్యేక కోచ్ ఉన్నాడా, వారంలో ఎన్ని రోజులు వస్తాడు? లేడంటే మీవాడు షూటింగ్ ప్రాక్టీస్‌కు బంతులు అందించే మనిషిగా మిగిలిపోతాడు. వయసు ధ్రువీకరణ పత్రం విషయంలో ఎవరి సలహా విన్నా వినకపోయినా, అబద్ధం మాత్రం రాయించకండి. ఎముకల పరీక్షలు చేస్తారు. పట్టుబడితే అక్కడితో దారి మూసుకుపోతుంది.

విదేశీ ట్రయల్స్ పేరిట డబ్బు గుంజేవాళ్లున్నారు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాణ్ని యూరప్ క్లబ్‌లో చేర్పిస్తామంటే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: కొన్ని ప్రత్యేక మినహాయింపులు తప్ప, 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్‌కు మార్చడాన్ని ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. నిజమైన దారి ఎలా ఉంటుందో గుర్‌ప్రీత్ సింగ్ సంధును చూస్తే తెలుస్తుంది. చండీగఢ్ అకాడమీ, ఈస్ట్ బెంగాల్, ఆ తర్వాత 22 ఏళ్ల వయసులో 2014లో నార్వే క్లబ్ స్టాబెక్. అక్కడ లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం కోసం దాదాపు రెండేళ్లు కాచుకున్నాడు. 2016లో యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో దిగి, ఆ టోర్నీలో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. 2019 సెప్టెంబరులో దోహాలో ఆసియా చాంపియన్ ఖతార్‌ను భారత్ 0-0తో నిలువరించిన రాత్రి గోల్‌లో ఉన్నది అతనే. నార్వేలో కాచుకున్న రోజులు వృథా పోలేదని ఆ రాత్రి దేశమంతా చూసింది.

ఆడపిల్లలకూ ఈ తలుపు తెరుచుకుంది. అదితి చౌహాన్ 2015లో ఇంగ్లండ్‌లోని వెస్ట్‌హామ్ మహిళా జట్టుకు గోల్ కాసింది. 2017లో ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మహిళా కీపర్లలో గట్టి శిక్షణ పొందినవాళ్లు ఇంకా తక్కువ. ఆసక్తి ఉన్న అమ్మాయిని ఇంట్లో ఆపకండి.

ఆదాయం విషయంలో భ్రమలు వద్దు. మొదటి కీపర్‌కు, మూడో కీపర్‌కు జీతంలో చాలా తేడా ఉంటుంది. కాంట్రాక్టులు ఏడాది, రెండేళ్లు, మూడేళ్లే. లీగ్‌కూ పూర్తి భరోసా లేదు. 2025లో వాణిజ్య హక్కుల ఒప్పందం తెగక ఐఎస్‌ఎల్ సీజన్ సమయానికి మొదలుకాలేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అదే ఏడాది ఢిల్లీకి తరలిపోయింది. అందుకే డిగ్రీ ఆపకండి. దూరవిద్యలోనైనా పూర్తిచేయండి. రైల్వే, సైన్యం, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటా నియామకాలకు చదువు, ఆడిన టోర్నీల సర్టిఫికెట్లు రెండూ కావాలి. ప్రతి సర్టిఫికెట్‌నూ మ్యాచ్ అయిన వారంలోనే సంపాదించి భద్రపరచండి. జిల్లా సంఘం చుట్టూ ఐదేళ్ల తర్వాత తిరగడం కష్టం.

వేళ్లు, భుజాలు, మోకాళ్లు దెబ్బతినే పని ఇది. తలకు తగిలే దెబ్బను తేలిగ్గా తీసుకోకండి. 2006లో ప్రసిద్ధ కీపర్ పెట్ర్ చెక్‌కు మ్యాచ్‌లో పుర్రె ఎముక విరిగింది. ఆ తర్వాత అతను రక్షణ టోపీ లేకుండా మ్యాచ్ ఆడలేదు. తల తిరుగుతోందని పిల్లాడు చెబితే ఆ రోజుకు ఆట ఆపించండి. జాగ్రత్తగా ఉంటే మిగతా స్థానాలకంటే ఇక్కడ ఎక్కువ కాలం ఆడవచ్చు. ఈజిప్టు కీపర్ ఎస్సామ్ ఎల్ హదారి 2018 ప్రపంచకప్‌లో 45 ఏళ్ల వయసులో ఆడి, పెనాల్టీ కూడా ఆపాడు.

ఆడుతుండగానే కోచింగ్ లైసెన్సులు మొదలుపెట్టండి. ఏఐఎఫ్‌ఎఫ్ డి లైసెన్సుతో మొదలెట్టి, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య గోల్‌కీపింగ్ కోర్సులు ఒక్కో మెట్టుగా చేయవచ్చు. మన జిల్లాల్లో ఫుట్‌బాల్ కోచ్‌లైతే దొరుకుతారు గానీ, కీపర్లకు నేర్పేవాళ్లు అరుదు. క్లబ్‌లో మూడో కీపర్‌గా మూడేళ్లు గడిపినవాడు, రోజూ కీపింగ్ కోచ్ పక్కనే ఉండి చూసినవాడు, ఆ లైసెన్సుతో సొంత జిల్లాకు తిరిగొస్తే అతనికి పని వెతుక్కునే అవసరం పెద్దగా ఉండదు.