తుపాకీ తోటది కాదు, మనిషిది

తోటకి ముగ్గురు కాపలావాళ్లున్నారు. కోతల రోజుల్లో నున్న మామిడి మార్కెట్టు నుంచి డబ్బు ఇంటికి తెచ్చుకోవాలి. మూడు పిస్టళ్లు ఒకేసారి కొని తలా ఒకటి ఇచ్చేస్తే సరిపోదా? నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు యజమానికి ఇలాంటి ఆలోచన వస్తే జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు: కుదరదు. ఎందుకు కుదరదో మాత్రం యజమానీ తెలుసుకోవాలి, ఆ పిస్టలు పట్టుకుని చెట్ల కింద పడుకోవాల్సిన మనిషీ తెలుసుకోవాలి. పట్టుబడితే మొదట స్టేషనుకు వెళ్లేది ఆ రెండోవాడే.

మన దేశంలో తుపాకులకు టోకు బేరం లేదు. ముందు కాగితం, తర్వాతే ఆయుధం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న మనిషి దగ్గర ఒకప్పుడు మూడు తుపాకుల దాకా ఉండొచ్చు. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ మూడు రెండయ్యాయి. పిస్టలు, రివాల్వరు, తాతగారి జోడు గొట్టాల తుపాకీ, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మూడోది ఉన్నవాళ్లు దాన్ని ఏడాదిలోగా పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలన్నారు. సైన్యంలో ఉన్నవాళ్లయితే తమ యూనిట్ ఆయుధాగారంలో పెట్టుకోవచ్చు. మూడో దానికి లైసెన్సు పోయింది. వారసత్వంగా వచ్చిందన్నా మినహాయింపు లేదు. గురిపోటీల్లో పేరున్న క్రీడాకారులకు మాత్రం వేరే లెక్క ఉంది. ఆడే విభాగాలను బట్టి 12 దాకా అనుమతి ఉంటుంది. మామిడి తోట ఎంత పెద్దదైనా ఆ మినహాయింపు కిందికి రాదు.

ఆ రెండూ ఒకేసారి కొనొచ్చా అంటే, లైసెన్సులో రెండూ రాసి ఉంటే చట్టం అడ్డు చెప్పదు. కానీ ప్రతి ఆయుధానికీ అవసరం విడిగా చూపించాలి. తోట కాపలాకు జోడు గొట్టాల తుపాకీ ఉండగా పిస్టలు ఎందుకని అధికారి అడుగుతాడు. దానికి మీ దగ్గర జవాబే కాదు, కాగితం కూడా ఉండాలి. అన్ని పిస్టళ్లూ ఒక కోవలోవి కావు కూడా. 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత) కిందికి వస్తుంది, దానికి లైసెన్సు ఢిల్లీ నుంచి రావాలి. మామూలు పౌరులు సాధారణంగా కొనేది .32 బోరు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం రివాల్వర్లు అందులోవే. లైసెన్సు లేకుండా మామూలు బోరు తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. నిషిద్ధ బోరు అయితే ఏడేళ్లతో మొదలై పద్నాలుగేళ్ల దాకా వెళ్తుంది. ఈ తేడా తెలియక, ఎవరో చవగ్గా ఇస్తున్నారని నాటు పిస్టలు కొని గోతాం కింద దాచినవాడికి ఆ చవక ఏ మూలకూ చాలదు.

దరఖాస్తు సంగతి. 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం వ్యక్తులు ఫారం ఏ-1 పెట్టాలి. ప్రతి లైసెన్సుదారుకీ దేశం మొత్తం మీద ఒకటే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని యు.ఐ.ఎన్. అంటారు. ఒకే మనిషి రెండు జిల్లాల్లో రెండు పుస్తకాలు పుట్టించుకునే పాత తెలివితేటలకు దీంతో తలుపు మూసుకుపోయింది. వయసు 21 నిండాలి. ఫొటోలు, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, చిరునామా రుజువు జతచేయాలి. మానసికంగా, శారీరకంగా బాగున్నాననీ మత్తుకు బానిసను కాననీ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. తుపాకీని ఇంట్లో ఎక్కడ, ఎలా భద్రపరుస్తారో హామీ రాసివ్వాలి. ఆయుధం వాడకంలో శిక్షణ పొందిన సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇవన్నీ తేలిగ్గానే దొరుకుతాయి. అసలు కష్టం అవసరం రుజువు చేయడంలో ఉంది.

వ్యాపారం, వృత్తి, ఉద్యోగం వల్ల ప్రాణానికో ఆస్తికో నిజమైన రక్షణ అవసరం ఉన్నవాళ్ల దరఖాస్తులను పరిశీలించాలని నిబంధనల్లోనే ఉంది. మాజీ సైనికులు, పోలీసు శాఖలో పనిచేసి వచ్చినవాళ్ల మాట కూడా అక్కడే ఉంది. కాబట్టి మామిడి వ్యాపారి అయితే మార్కెట్టు లైసెన్సు, సీజనులో నగదు చేతులు మారినట్టు చూపే బ్యాంకు లెక్కలు, ఇదివరకు దారి దోపిడీయో బెదిరింపో జరిగి ఉంటే దాని ఎఫ్.ఐ.ఆర్. నకలు జతచేయాలి. "తోటలో భయంగా ఉందండి" అంటే చాలదు. పక్క ఊళ్లో ఫలానావారికి ఉంది కాబట్టి నాకూ కావాలనడం అంతకన్నా పనికిరాదు. తుపాకీ హోదాకు గుర్తు అనుకునేవాళ్ల దరఖాస్తు ఏదో ఎస్.ఐ. గారికి రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది.

దరఖాస్తు కలెక్టరు గారికి చేరాక పోలీసు విచారణకు వెళ్తుంది. పోలీసులు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 60 రోజుల్లో కలెక్టరు నిర్ణయం చెప్పాలి. కాదంటే మామూలుగా కారణం రాతపూర్వకంగా ఇస్తారు. దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడువులు పుస్తకంలో ఉన్నంత చురుగ్గా బల్లల మీద కదలవు, అది వేరే సంగతి. అందుకే దరఖాస్తు ఇచ్చిన రోజునే రసీదు తీసుకుని, గడువు దాటాక ఆ తేదీ చూపించి అడగండి. రేపు అప్పీలుకు వెళ్లాల్సి వస్తే ఆ రసీదే మీ ఆధారం.

ఇక్కడ నా మాట ఒకటి. నగదు భయంతో పిస్టలు అడిగేవాళ్లు ముందు నగదు తగ్గించుకోవాలి. కమీషను వ్యాపారి సొమ్ము బ్యాంకులో వేయడానికి ఒప్పుకుంటే సంచీతో రాత్రి ప్రయాణం ఉండదు. సంచీ లేనప్పుడు పిస్టలు అవసరమూ సగానికి సగం పోతుంది. తోటలో కూలీలకు రోజూ ఇవ్వాల్సిన చిల్లర మాటంటారా, దానికి కాపలాగా పిస్టలు పెట్టుకునేవాడిని నేను చూడలేదు.

పంట కాపలాకు చట్టం వేరే దారి చూపించింది. కోతులు, పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి ముందు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు. అది చాలదని అధికారి నమ్మితే నున్నని గొట్టం తుపాకీకి ఇవ్వొచ్చు. దీనికి భూమి కాగితాలు కావాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: పంట లైసెన్సు వేట లైసెన్సు కాదు. అడవి పందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం కింద అనుమతి విడిగా కావాలి. తుపాకీ పుస్తకం చూపిస్తే అటవీ శాఖవాళ్లు ఊరుకోరు. పందుల కోసం పెట్టే నాటు బాంబుల మాట సరేసరి, అవి మేకల కాపరి కాలి కింద పేలాక ఏ కాగితమూ అడ్డురాదు.

మన ప్రాంతానికి మరో చిక్కుంది. నూజివీడు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా. పాత లైసెన్సు పుస్తకాల మీద మచిలీపట్నం ముద్రలుంటాయి. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే ఏలూరు కలెక్టరేటులో మీ వివరాలు సరిగా నమోదయ్యాయో లేదో, యు.ఐ.ఎన్. ఉందో లేదో రెన్యువల్‌కు రెండు నెలల ముందే చూసుకోండి. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు. యు.ఐ.ఎన్. లేని పుస్తకం చెల్లదు. చెల్లని పుస్తకంతో ఉన్న తుపాకీ లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క.

పెద్దాయన పోయినప్పుడు తుపాకీ సంగతి పదిరోజుల కర్మ అయ్యాక చూద్దాంలే అనుకోకూడదు. లైసెన్సు ఆయనతోనే ముగిసింది. తుపాకీని ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకుని, తర్వాత వారసులు దరఖాస్తు చేసుకోవాలి. ఆయన బతికుండగానే బదలాయించే వీలూ ఉంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా వారసుల్లో ఒకరి పేరున లైసెన్సు అడగొచ్చు. బయటివాళ్లకు అమ్మాలంటే ఎవరికి అమ్ముతున్నారో కలెక్టరుకు గానీ దగ్గరి స్టేషనుకు గానీ ముందుగా రాసిచ్చి, 45 రోజులు ఆగాకే చేతులు మార్చాలి.

ఆ వారసుడు అమెరికాలో ఉంటే అక్కడే ఒకటి కొనుక్కోవచ్చు కదా అనిపించొచ్చు. అక్కడి పద్ధతి మనకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఒకే మనిషి వరసగా ఐదు పనిదినాల్లో ఒకే డీలరు దగ్గర రెండు గానీ అంతకు మించి గానీ చేతి తుపాకులు కొంటే ఆ డీలరు ప్రభుత్వానికి ఒక ఫారం పంపిస్తాడు. సమాఖ్య చట్టం అడిగేది ఆ సమాచారమే, కొనొద్దని చెప్పదు. కొన్ని రాష్ట్రాలే నెలకు ఒకటని హద్దు పెట్టుకున్నాయి. ఇది విని మన పిల్లలు సంబరపడనక్కర్లేదు. ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లకు, హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్లకు అక్కడి సమాఖ్య చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకునే ముందు వకీలును అడగాలి. గ్రీన్‌కార్డున్న మిత్రుడి పేరు మీద కొనిపించుకోవడమూ నేరమే. 2022లో అక్కడ వచ్చిన చట్టం తర్వాత దానికి 15 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. రేంజిలో సరదాగా కాల్చి, ఒక తూటా జ్ఞాపకంగా సంచీలో మరిచిపోయి గన్నవరంలో దిగితే ఇక్కడి ఆయుధాల చట్టం కింద కేసు.

ఇక ఉద్యోగం కోసం తుపాకీ పట్టేవాళ్ల సంగతి. సైన్యం నుంచి రిటైరై వచ్చినవాళ్లు, బ్యాంకు గార్డులుగా, నగదు వ్యాన్ల వెంట, పెద్ద తోటల దగ్గర పనికి చేరేవాళ్లు మన ప్రాంతంలోనూ ఉన్నారు. వీళ్లు పనిలో చేరే ముందు అడగాల్సిన ప్రశ్న జీతం గురించి కాదు, "ఈ తుపాకీ ఎవరి పేరున ఉంది?" అని. లైసెన్సు మనిషికిచ్చేది. యజమాని తన పిస్టలు మీ చేతికిచ్చి "పొద్దున్నే తెచ్చివ్వు" అంటే ఆ రాత్రంతా మీరు లైసెన్సు లేని ఆయుధంతో ఉన్నట్టే. ఇచ్చినందుకు ఆయన కూడా చిక్కుకుంటాడు. చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా చిన్నది: లైసెన్సుదారు పక్కనుండగా గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ, మరమ్మతుకో రెన్యువల్‌కో ఆయన వాడుకోవడానికో తుపాకీ మోసుకెళ్లొచ్చు. రాత్రి కాపలా ఆ మూడింట్లో ఏదీ కాదు.

సంస్థల దగ్గర సక్రమమైన పద్ధతి వేరు. లైసెన్సులో ఆయుధం వాడే ఉద్యోగి పేరు రిటైనరుగా ఎక్కిస్తారు. పుస్తకంలో మీ పేరు, మీ ఫొటో చూసుకోండి, నకలు అడిగి దగ్గర పెట్టుకోండి. ఉద్యోగం మానేసిన రోజు తుపాకీ, తూటాలు లెక్కపెట్టి అప్పగించి సంతకం తీసుకుని, మీ పేరు తీయించమని రాసిచ్చి రండి. మానేసి ఏడాదైనా పుస్తకంలో మీ పేరు ఉండిపోతే ఆ తుపాకీతో జరిగిన రగడకు మిమ్మల్నీ పిలుస్తారు.

కొన్ని సెక్యూరిటీ ఏజెన్సీలు "సొంత లైసెన్సు తుపాకీ ఉంటేనే పని" అంటాయి. అప్పుడు మధ్యవర్తి ఒకడు దిగుతాడు, ఇంత ఇస్తే ఫలానా రాష్ట్రం నుంచి లైసెన్సు తెప్పిస్తానంటాడు. జమ్మూకశ్మీరులో 2012 నుంచి 2016 దాకా ఇచ్చిన రెండున్నర లక్షలకు పైగా లైసెన్సుల మీద సి.బి.ఐ. దర్యాప్తు నడిచింది. అక్కడ ఎన్నడూ కాపురం లేనివాళ్ల పేరున కూడా పుస్తకాలు పుట్టాయన్నది ఆరోపణ. మీరుండే జిల్లా కలెక్టరు కాకుండా, మీరెప్పుడూ చూడని ఊరి ముద్రతో లైసెన్సు చేతికొస్తే అది మీకు ఉద్యోగం తెచ్చిపెట్టదు, కేసు తెచ్చిపెడుతుంది. ఏజెన్సీకి కూడా 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉండాలి. లేని ఏజెన్సీలో చేరితే రేపు తుపాకీ కేసు వచ్చినా, జీతం ఎగ్గొట్టినా మీ వైపు నిలబడే కాగితం ఉండదు.

సొంత లైసెన్సు ఉన్నవాళ్లు మూడు సంగతులు మరిచిపోవద్దు. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఏలూరు జిల్లాకే ఇచ్చిన పుస్తకంతో విజయవాడలో డ్యూటీ చేయకూడదు, ముందుగా పరిధి పెంచమని దరఖాస్తు పెట్టాలి. బహిరంగ ప్రదేశంలో పిస్టలు ఒరలో ఉండాలి, ఊపుకుంటూ తిరగకూడదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒక్కసారి పేల్చినా రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు, పెళ్లికొడుకు మేనమామ అయినా సరే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అప్పగించమని నోటీసొస్తే స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తుపాకీ మీదే మీ జీతం ఆధారపడి ఉంటే మినహాయింపు కోరుతూ యజమాని లేఖతో స్క్రీనింగ్ కమిటీకి రాసుకోండి. నోటీసు వచ్చాక ఆదరాబాదరాగా కాదు, ఎన్నికల తేదీలు వెలువడిన వారంలోనే ఆ పని చేయండి.

ఈ సీజనులో తోట కాపలాకు రమ్మని ఎవరైనా పిలిచి చేతిలో పిస్టలు పెడితే, ముందు లైసెన్సు పుస్తకం తెరిచి చూపించమనండి. అందులో మీ పేరు లేకపోతే కర్ర, టార్చిలైటు అడగండి. అవి ఇవ్వనంటే ఆ పని వద్దనండి.