బంగారు నాణెం, బంగారు రంగు నాణెం

ఒకరోజు తొమ్మిదో తరగతిలో సాంద్రత పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! మెరిసేదంతా బంగారం కాదంటారు కదా. మరి ఏది బంగారమో, ఏది కాదో తెలుసుకునేదెట్లా?" అని అడిగింది. మంచి ప్రశ్న! ఆ రోజు నల్లబల్ల మీద రెండు నాణేల బొమ్మలు గీసి జవాబు చెప్పాను. రెండూ అమెరికా దేశపు నాణేలే. రెండింటి వెనుకా ఉన్నది ఒకే కథ. ఒకటి అసలు బంగారం. రెండోదానిలో బంగారం రవ్వంత కూడా లేదు. ఆ కథేమిటో ముందు విందాం.

పడమటి దారిలో

1803లో అమెరికా ప్రభుత్వం లూసియానా అనే విశాలమైన భూభాగాన్ని ఫ్రాన్సు దగ్గర కొన్నది. అది మిసిసిపీ నదికి పడమటగా ఉంది. తెల్లవారి ఊళ్ళు ఎక్కడిదాకా వ్యాపిస్తే ఆ అంచును అమెరికా చరిత్రలో 'ఫ్రాంటియర్' అంటారు. అంటే సరిహద్దు ప్రాంతమన్నమాట. అయితే ఒక మాట మరచిపోకూడదు. ఆ అంచుకు అవతల ఉన్నది ఖాళీ నేల కాదు. అక్కడ ఎన్నో తెగల ఆదివాసులు తరతరాలుగా జీవిస్తున్నారు.

ఆ ప్రాంతాన్ని పరిశీలించి రమ్మని అధ్యక్షుడు జెఫర్సన్ ఒక బృందాన్ని పంపాడు. దానికి నాయకులు మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్. 1804 మే నెలలో బయలుదేరిన బృందం నదుల వెంట, కొండల మీదుగా సాగి 1805 నవంబరులో పసిఫిక్ సముద్రాన్ని చేరింది. 1806 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ పట్టణానికి తిరిగి వచ్చింది. దారిలో కనబడిన మొక్కలను, జంతువులను, వాతావరణాన్ని రోజూ పుస్తకాలలో రాసుకున్నారు. శాస్త్రజ్ఞులకు అంతవరకు తెలియని మొక్కలు, జంతువులు వంద పైగానే ఆ రాతల్లో ఉన్నాయి.

ఈ బృందంలో ఒక స్త్రీ కూడా ఉంది. ఆమె పేరు సకాగవియా. షోషోనీ తెగ ఆడపడుచు. అప్పటికి ఆమె వయసు పదహారు, పదిహేడు మించి ఉండదు. 1805 ఫిబ్రవరిలో ఆమెకు కొడుకు పుట్టాడు. ఆ పసివాణ్ణి వెంటబెట్టుకునే ఆమె సముద్రందాకా నడిచింది. 1805 మేలో ఒక పడవ ఒరిగిపోయి నీళ్ళు నిండితే, కొట్టుకుపోతున్న వస్తువులను ఆమె నిబ్బరంగా అందుకుని కాపాడింది. కొండలు దాటడానికి గుర్రాలు కావలసివచ్చినప్పుడు షోషోనీల మాటను వివరించి చెప్పింది ఆమే. తీరా చూస్తే ఆ తెగ నాయకుడు ఆమె సోదరుడే!

ప్రయాణం ముగిశాక, దుబాసీగా వచ్చిన ఆమె భర్తకు దాదాపు 500 డాలర్లు, 320 ఎకరాల భూమి ముట్టాయి. ఆమెకు మాత్రం ఏమీ ఇవ్వలేదు.

బొరుసు లేని నాణెం

ఈ ప్రయాణానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1905లో ఆరిగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో పెద్ద ప్రదర్శన జరిపారు. దానికి గుర్తుగా 1904, 1905 సంవత్సరాల తేదీలతో ఒక డాలరు బంగారు నాణేలను ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రించారు. ఒకవైపు లూయిస్ ముఖం, రెండోవైపు క్లార్క్ ముఖం. అంటే ఈ నాణెంతో బొమ్మా బొరుసూ వేయడానికి వీలులేదు. ఎటు పడినా బొమ్మే!

డాలరు నాణేన్ని 2 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. ఆ అమ్మకాల మీద వచ్చిన సొమ్ములో కొంత పోర్ట్‌లాండ్‌లో సకాగవియా కంచు విగ్రహానికి వినియోగించారు. కాని అనుకున్నన్ని నాణేలు అమ్ముడుపోలేదు. ముద్రించినవి సుమారు 60,000. వాటిలో సుమారు 40,000 నాణేలను తిరిగి కరిగించివేశారు. మిగిలినవి ఇరవై వేలు మాత్రమే. అందుకే నాణేలు సేకరించేవాళ్ళు వీటిని అపురూపంగా చూస్తారు. వీటి ధర లోపలి బంగారం ధర కంటె చాలా ఎక్కువ.

ఎంత బంగారం ఉంది?

ఈ నాణెం బరువు 1.672 గ్రాములు. మన ఇళ్ళలో కాసు బంగారమంటే 8 గ్రాములు కదా. అంటే ఇది కాసులో అయిదో వంతు. ఇందులో 90 శాతం బంగారం, 10 శాతం ఇతర లోహం. లెక్క కట్టండి: 1.672 × 0.9 = 1.505 గ్రాముల మేలిమి బంగారం. క్యారెట్లలో చెప్పాలంటే 24 × 0.9 = 21.6.

ఆ పది శాతం కలపడం మోసం కాదు. మేలిమి బంగారం చాలా మెత్తన. చేతులు మారినకొద్దీ అరిగిపోతుంది. రాగి కలిస్తే గట్టిపడుతుంది. మన నగలలో రాగి కలపడానికి కారణం కూడా ఇదే.

అసలా? నకిలీయా?

ఖరీదైన వస్తువు ఉన్నచోట దొంగ వస్తువు కూడా ఉంటుంది. ఇక్కడే సాంద్రత మనకు తోడు వస్తుంది. మేలిమి బంగారం ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు తూగుతుంది. పదోవంతు రాగి కలిసిన బంగారం సుమారు 17 గ్రాములు, ఇత్తడి సుమారు 8.5 గ్రాములు తూగుతాయి. కాబట్టి అదే పరిమాణంలో ఇత్తడి నాణెం చేస్తే దాని బరువు సగమే ఉంటుంది. బరువు సరిపెట్టాలంటే నాణెం దళసరి కావాలి. ఎటు చూసినా పట్టుబడుతుంది.

ఆర్కిమెడిస్ సూత్రాన్ని గుర్తు తెచ్చుకోండి. అసలు నాణేన్ని దారంతో కట్టి సున్నితపు త్రాసుకు వేలాడదీసి నీటిలో ముంచితే దాని బరువు సుమారు 0.1 గ్రాము తగ్గుతుంది. అంతే బరువున్న ఇత్తడి ముక్క అయితే 0.2 గ్రాము తగ్గుతుంది.

కాని ఒక చిక్కు ఉంది. బంగారం విలువ కంటె నాణెం విలువ ఎక్కువ గనుక, కొందరు నిజమైన బంగారంతోనే దొంగ నాణేలు తయారుచేస్తారు! అప్పుడు త్రాసు 'ఇది బంగారమే' అంటుంది. అది చెప్పింది నిజమే. కాని మన ప్రశ్న అది కాదు, 'ఇది 1904లో టంకశాలలో పుట్టిందా?' అనేది. దానికి భూతద్దం పట్టి అక్షరాలను, అంచులను అసలు నాణెంతో పోల్చి చూడాలి. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలిసి ఉండటమే శాస్త్రజ్ఞానం.

ఆమె నాణెం

ఇక రెండో నాణెం. 2000 సంవత్సరంలో అమెరికా కొత్త డాలరు నాణెం విడుదల చేసింది. దాని మీద ఉన్నది వీపున బిడ్డను కట్టుకున్న సకాగవియా! ఆమెను చూసి గీసిన చిత్రమేదీ లేదు గనుక శిల్పి ఒక షోషోనీ యువతిని చూసి ఆ ముఖాన్ని రూపొందించింది. పసుపు వన్నెతో మెరుస్తుంది కాబట్టి దీన్ని 'బంగారు డాలరు' అని పిలిచారు. బరువు 8.1 గ్రాములు. అందులో రాగి 88.5 శాతం, జింకు 6, మాంగనీసు 3.5, నికెలు 2 శాతం. బంగారం సున్న!

మాంగనీసు ఎందుకంటారా? డబ్బు వేస్తే వస్తువునిచ్చే యంత్రాలకు రంగు తెలియదు. నాణెంలోని విద్యుత్ లక్షణాలను బట్టి అవి గుర్తుపడతాయి. పాత డాలరును తీసుకునే యంత్రాలు ఈ కొత్తదాన్ని కూడా తీసుకోవాలని ఈ మిశ్రమలోహాన్ని ఎంచుకున్నారు. అయితే చేతులు మారినకొద్దీ దీని మెరుపు మాసి గోధుమరంగుకు తిరుగుతుంది. అసలు బంగారం గాలికీ, చెమటకూ చెక్కుచెదరదు.

నిజమైన 22 క్యారెట్ల బంగారంతోనూ ఈ నాణేలు కొన్ని చేశారు. వాటిలో 12 నాణేలు 1999 జూలైలో కొలంబియా స్పేస్ షటిల్‌లో ఆకాశయాత్ర చేసివచ్చాయి. ఆ షటిల్‌ను నడిపించినది తొలి మహిళా కమాండర్ ఐలీన్ కాలిన్స్. కాని ఆ నాణేలు అమ్మకానికి రాలేదు.

చూశారా! బంగారం ఉన్న నాణెం మీద ఆమె లేదు. ఆమె ఉన్న నాణెంలో బంగారం లేదు. నాణేలు సేకరించేవాడు కేవలం బరువు చూస్తే ఈ సంగతి తెలియదు. ఎవరి బొమ్మ వేశారు, ఎవరిని వదిలారు అని కూడా అడగాలి.

చేసి చూడండి

నాణేలు సేకరించడానికి బంగారమే అక్కరలేదు. మీకు దొరికిన నాణేలతో మొదలుపెట్టండి. ప్రతిదానికీ తేదీ, బరువు, లోహం, బొమ్మ వెనుక కథ ఒక పుస్తకంలో రాయండి. పాత నాణేలను చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది గాని పైపొర, దానితోపాటు విలువా పోతాయి.

పసుపు రంగు అయిదు రూపాయల నాణేలు, ఒక్కొక్కటి 6 గ్రాములు తూగేవి, పది తీసుకోండి. కొలజాడీలో 50 మి.లీ. నీళ్ళు పోసి వాటిని మెల్లగా జారవిడవండి. నీటిమట్టం ఎంత పెరిగింది? 60ని ఆ సంఖ్యతో భాగించండి. సాంద్రత 8.5 దరిదాపుల్లో వస్తుంది.

ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి: ఆ పది నాణేలూ మేలిమి బంగారంతో చేసినవైతే, అదే పరిమాణంలో ఎన్ని గ్రాములు తూగేవి?