పాత పట్నం కథ

కె.కోటపాడు నుంచి విశాఖపట్నం బస్సెక్కేవాళ్లలో ఒకరికి కేజీహెచ్‌లో పని. ఒకరికి పూర్ణా మార్కెట్లో పని. ఇంకొకరికి కనకమహాలక్ష్మి అమ్మవారి మొక్కు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు. కె.కోటపాడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అయినా ఇక్కడివాళ్లు "పట్నం వెళ్లొస్తాం" అంటే విశాఖే.

ఆ పట్నంలో ఇంకో పట్నం ఉంది. దాన్ని వన్ టౌన్ అంటారు. పాత పట్నం అనీ అంటారు. ఇరుకు వీధులు, పెంకుటిళ్లు, పాత మేడలు. అక్కడ వీధుల పేర్ల బోర్డులు చదువుతూ నడవండి. ఒక్కో పేరు వెనక ఒక్కో కథ ఉంది.

మొదటి బోర్డు: కోటవీధి.

కోట కోసం వెతకకండి. కోట లేదు, పేరే మిగిలింది. మూడు వందల ఏళ్లకు పైబడిన మాట ఇది. ఇంగ్లీషు వాళ్లు 1682లో ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ల వ్యాపార సంఘాన్ని మనవాళ్లు కుంఫిణీ అన్నారు. 1689లో ఢిల్లీ పాదుషా ఔరంగజేబు సైన్యం వాళ్ల కొట్ల మీద పడింది. అక్కడున్న ఇంగ్లీషు వాళ్లు కొందరు చనిపోయారు. అయినా కుంఫిణీ పోలేదు. మళ్లీ వచ్చింది. గోడలు కట్టింది, ఫిరంగులు పెట్టింది. కొనుక్కుని పోవడానికి వచ్చినవాళ్లు కోట కట్టుకుని కూర్చున్నారు!

ఇంతకీ వాళ్లు ఏం కొన్నారు? ముఖ్యంగా బట్ట. మన పల్లెల్లో మగ్గాల మీద నేసిన నూలు బట్ట. ఓడల్లో వేసుకుని దేశాలకు పంపేవారు. నేతగాడికి ముందుగా బయానా ఇచ్చేవారు. బయానా తీసుకున్నాక బట్టను ఇంకొకరికి అమ్మడానికి లేదు. ధర కుంఫిణీ చెప్పినదే. బట్ట బాగాలేదని తిప్పి పంపితే బయానా అప్పుగా మిగిలేది. నేసేది మగవాడు. నూలుకు గంజి పెట్టి, కండెలు చుట్టేది ఇంట్లో ఆడవాళ్లు. ఆ పనికి వేరే కూలి ఎవరూ కట్టలేదు. తర్వాత ఇంగ్లండు మిల్లు బట్ట చవగ్గా దిగింది. మన బట్ట అడిగేవాళ్లు తగ్గిపోయారు. మగ్గాలు మూలపడ్డాయి.

కుంఫిణీ సిపాయిల్లో ఎక్కువమంది మనదేశం వాళ్లే. 1780 అక్టోబరులో వాళ్లను ఓడెక్కి మద్రాసు పొమ్మన్నారు. అక్కడ మైసూరు హైదరాలీతో యుద్ధం జరుగుతోంది. సిపాయిలు ఓడెక్కం అన్నారు. తుపాకులు దొరల మీదికే తిప్పారు. 1857 సిపాయిల తిరుగుబాటు గురించి అందరూ చెబుతారు. అంతకు 77 ఏళ్ల ముందే విశాఖలో ఇది జరిగింది. బడి పుస్తకాల్లో మాత్రం దీనికి చోటు తక్కువ.

రెండో బోర్డు: బురుజుపేట.

బురుజు అంటే కోట గోడకు కాపుగా కట్టే గుండ్రని కట్టడం. ఇక్కడే కనకమహాలక్ష్మి గుడి ఉంది. విగ్రహం 1912లో ఒక బావిలో దొరికిందని చెబుతారు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా ఆమెకూ తగులుతాయి. ఆడవాళ్లు స్వయంగా పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసం గురువారాల్లో పల్లెల నుంచి జనం పోటెత్తుతారు. రోడ్డు కోసం 1917లో విగ్రహాన్ని పక్కకు జరిపారట. అప్పుడే ఊళ్లో ప్లేగు వచ్చిందట. భయపడి విగ్రహాన్ని మళ్లీ మొదటి చోటే పెట్టారట. నమ్మకం ఎవరిది వాళ్లది. ప్లేగు మాత్రం ఎలుకల ఒంటి మీది చిన్న పురుగులు కుట్టడం వల్ల వస్తుంది. ఇల్లూ వీధీ శుభ్రంగా ఉంటే ఎలుకలు చేరవు.

దగ్గర్లోనే మూడు కొండలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒక కొండ మీద మేరీమాత చర్చి. ఒక కొండ మీద దర్గా. ఒక కొండ మీద వెంకటేశ్వరుడి గుడి. ఆ గుడిని 1866లో బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని చెబుతారు.

ఇప్పుడు సముద్రం వైపు చూడండి. పెద్ద పెద్ద క్రేన్లు, ఓడలు. ఒకప్పుడు ఇవేవీ లేవు. ఓడ ఒడ్డుకు వచ్చే వీలు లేదు. దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసేది. సరుకునీ మనుషుల్నీ చేరవేసింది మన జాలర్లే. వాళ్ల పడవకు ఒక్క మేకు కూడా ఉండేది కాదు. చెక్క పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు విరిగిపోతుంది. కుట్టిన పడవ అలతో పాటు వంగుతుంది, మళ్లీ నిలబడుతుంది. దొరల ఓడలు వాళ్ల పడవల కోసం ఎదురుచూసేవి.

తర్వాత ఉప్పుటేరు బురదను తవ్వి హార్బరు కట్టారు. రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు పెట్టారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. ఇక ఓడ గట్టుకే చేరింది. రైలు గట్టు దాకా వచ్చింది. వేలమందికి పని దొరికింది. సరుకు మోసే కుట్టు పడవలకు మాత్రం పని పోయింది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగెత్తారు. పట్నం బోసిపోయింది. యుద్ధం అయ్యాక జనం మళ్లీ చేరారు. కానీ పట్నం పెరిగింది ఇంకో వైపు. కొత్త ఆఫీసులు, పెద్ద షాపులు పాత పట్నానికి దూరంగా వెళ్లాయి.

అలాగని పాత పట్నం పడుకోలేదు. కురుపాం మార్కెట్లో బంగారం దుకాణాలు ఉన్నాయి. ఈ మార్కెట్టు పేరు కురుపాం జమీందారుల నుంచి వచ్చింది. ఆడపిల్లలు చదివే క్వీన్ మేరీ బడి ఉంది. పాత మేడలు మాత్రం ఒక్కొక్కటే పడిపోతున్నాయి. కొన్ని పాడుబడి, కొన్ని అపార్టుమెంట్ల కోసం. మేడ పడితే అందులో అద్దెకున్నవాళ్లు వేరే ఇల్లు వెతుక్కోవాలి.

చదవండి, రాయండి

1. కోటవీధి, బురుజుపేట, పూర్ణా మార్కెట్టు, కురుపాం మార్కెట్టు – ఈ పేర్లు పైకి చదవండి. ఈసారి పట్నం వెళ్తే బోర్డుల మీద వెతకండి.

2. బయానా వల్ల నేతగాడికి వచ్చిన కష్టం ఏమిటి? ఇప్పుడు మీ ఊళ్లో పంట మీద ముందుగా డబ్బు తీసుకుంటే ఏం జరుగుతోంది? అందరూ కలిసి మాట్లాడండి.

3. కోటపాడు పేరులోనూ కోట ఉంది. ఆ పేరు ఎలా వచ్చింది? ఊళ్లో ముసలమ్మలను అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాయండి. చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి.