సీటు, మార్కులు, న్యాయము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1-7
ముఖ్యాంశము: అర్హతయు న్యాయమును ఒకదానికొకటి శత్రువులు కావు.



కళాశాలల సీట్ల కేటాయింపు జరుగు ప్రతి యేట మన యౌవనస్థుల కూటములలో ఒకే వాదన వినబడుచున్నది. "మార్కులు ఎక్కువ వచ్చినా నాకు సీటు రాలేదు" అని ఒకరు, "మా తాతను బడి గుమ్మము ఎక్కనిచ్చారా?" అని మరియొకరు. ఇద్దరును ఒకే ప్రభుబల్లలో పాలుపొందువారే. కావున ఈ సంగతిని వాక్యపు వెలుగులో చూతము.

1. వాక్యము చూపు మాదిరి

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాట్లాడు యూదుల విధవరాండ్రకు అనుదిన పంపకములో అన్యాయము జరిగినది. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. అందరము సమానులమే గదా అని ఊరకుండలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమని సంఘమునకు చెప్పిరి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు అన్నియు గ్రీకు పేర్లే. అయితే వారు మంచిపేరును జ్ఞానమును గలవారై యుండవలెనని కూడ నియమించిరి. నష్టపోయినవారి మొర వినబడినది, అర్హతయు విడువబడలేదు. ఇది రిజర్వేషను చట్టము కాదు గాని, మనకు మాదిరి.

2. దేశపు చట్టము నడచిన దారి

మద్రాసు రాష్ట్రములో కులములవారీగా సీట్లు పంచు పద్ధతిని 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. అదే యేట రాజ్యాంగపు మొదటి సవరణ ద్వారా 15(4) చేర్చబడినది. 1992లో ఇందిరా సాహ్నీ తీర్పు 50 శాతము హద్దు పెట్టినది. కేంద్ర విద్యాసంస్థలలో ఓబీసీలకు 27 శాతమును 2008లో కోర్టు సమర్థించినది. 2019లో 103వ సవరణ, ఇతర రిజర్వేషన్లు లేని పేదలకు 10 శాతము వరకు అవకాశమిచ్చినది. వైద్య పీజీ సీట్ల కేసులో 2022లో కోర్టు, పరీక్ష మార్కులు మాత్రమే ప్రతిభకు కొలత కావని తెలిపినది.

తరగతి గదిలో పనిచేసిన మాకు ఇది క్రొత్త మాట కాదు. ట్యూషను, చదువుకొన్న తల్లి, ఒక మూల బల్ల గల పిల్లవాని 90 మార్కులును, ఇవేవియు లేని పిల్లవాని 75 మార్కులును ఒకే శ్రమకు గుర్తులు కావు. అలాగని శ్రమ అక్కరలేదనుటయు తప్పే. సీటు ఏ దారిన వచ్చినను, కడపటి పరీక్ష అందరికి ఒక్కటే.

3. మన ప్రత్యేక స్థితి

వలసవచ్చిన మనకు రెండు చిక్కులున్నవి. మొదటిది: ఆంధ్రలో షెడ్యూల్డు తెగగా గుర్తింపబడిన సమాజపు విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో సీటు కోరగా, ఒక రాష్ట్రపు గుర్తింపు మరియొక రాష్ట్రమునకు వెంటరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు వచ్చినది. రెండవది: 1950 నాటి ఉత్తర్వులో షెడ్యూల్డు కులములు హిందువులకే పరిమితమాయెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. ఆంధ్రలో మనవారికి బీసీ-సీ క్రింద 1 శాతము మాత్రమే.

బాప్తిస్మము మన కులపు అవమానమును ఊరిలో తుడిచివేయలేదని మనకు తెలుసు. ఈ నియమము న్యాయము కాదనియే మా నమ్మకము. ఈ సంగతిని పరిశీలించుటకు 2022లో ఒక కమిషను నియమింపబడినది కూడ. అయినను బల్లలో పాలుపొందుచు, కాగితముపై మరియొక మతము వ్రాయించుట అబద్ధమే. 2024లో పుదుచ్చేరి ఉద్యోగపు కేసులో సుప్రీంకోర్టు అట్టి కోరికను తిరస్కరించినది. యానాములోని మనవారు దీనిని ప్రత్యేకముగా గమనించవలెను. ఇట్లు చేసిన తల్లిదండ్రులపై మేము రాయి వేయము. వారి అక్కర మాకు తెలుసు. కాని న్యాయమును వినతిపత్రముతో అడుగుదము, అబద్ధముతో కాదు.

4. సంఘము చేయవలసినది

మన విధవరాండ్ర జాబితాలో నేడు విద్యార్థులున్నారు. ప్రతి సంఘము పదవ తరగతి, ఇంటరు పిల్లల పేర్లు వ్రాసికొని, సాయంకాలము ప్రార్థన మందిరములో చదువుకొనుటకు దీపము, బల్ల ఇయ్యవలెను. సీటు పొందినవారు, ఏ దారిన పొందినను, వారమునకు ఒక గంట బోధింపవలెను. ధ్రువపత్రముల నియమములు తెలిసిన పెద్ద ఒకరు దరఖాస్తులు చూడవలెను. ఫీజు కట్టలేని బిడ్డకు కానుకలలో భాగముండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరి సణుగు మనకు వినబడుటలేదు?
2. మన మార్కులలో మన శ్రమ ఎంత, ఇతరులు ఇచ్చినది ఎంత?
3. కోటాలో సీటు పొందిన సహోదరుని మనము ఎన్నడైనను చిన్నచూపు చూచితిమా?

యెరూషలేములో ఆ పంపకము సరిచేయబడిన తరువాత శిష్యుల సంఖ్య విస్తరించినది. ప్రభువు మన సంఘములకు కూడ అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.