లోడు మీద కొలుచుకోండి

స్టార్ట్ చేసి నిలబెట్టిన బండిలో గేజీ ముళ్లన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. వెనక ట్రెయిలర్ తగిలించి, ఎత్తు ఎక్కిస్తూ, యాక్సిలరేటర్ ఆఖరిదాకా తొక్కినప్పుడు ఏ ముల్లు కిందికి జారుతుందో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. మనుషులూ అంతే. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మీ ఓర్పు ఎంతో లెక్కేసుకోకండి. నెలాఖరు పని, జ్వరం పడ్డ పిల్ల, ఫోన్లో పై అధికారి, మూడూ ఒకేసారి మీద పడిన రోజు లెక్కేసుకోండి. సామర్థ్యం పెంచుకోవాలనుకునేవారికి నా మొదటి సలహా ఇదే. దీన్ని ఒక డీజిల్ ట్రక్కు మీద పెట్టి చెబుతాను.

అమెరికాలో ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్ ట్రక్కులకు 2003 నుంచి 2007 మోడళ్ల వరకు 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజను ఉండేది. నావిస్టార్ తయారీ, 325 హార్స్‌పవర్. దాని ఎనిమిది ఇంజెక్టర్లకు అందాల్సిన సరఫరాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. మొదటిది డీజిల్. ఛాసిస్‌కు బిగించిన కరెంటు పంపు ట్యాంకులోంచి లాగి, ఫిల్టర్ల మీదుగా పంపిస్తుంది. రెండోది కరెంటు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 48కి పెంచి ఇంజెక్టర్లకు అందించే పెట్టె ఒకటి ఇంజను మీదే ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఐసీఎం అంటారు. ఈ రెండింటిలో ఏది తగ్గినా దెబ్బ తినేది ఇంజెక్టరే. మోత వచ్చేది కూడా అక్కడినుంచే. అందుకని చాలామంది ఇంజెక్టరే మార్చేస్తారు, బోలెడు డబ్బు పోసి. కొన్నాళ్లకు కొత్తదీ పోతుంది.

డీజిల్ ఇంజెక్టర్లో మండటానికి మాత్రమే వెళ్లదు. దాన్ని చల్లబరుస్తుంది, లోపల కదిలే భాగాలు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా అడ్డుపడుతుంది. ప్రెషర్ 45 పీఎస్‌ఐ కంటే తగ్గకూడదని ఆ బండి తెలిసిన మెకానిక్‌లందరూ చెబుతారు. ఐడిలింగ్‌లో చూస్తే ముల్లు ఆ గీత పైనే ఉంటుంది. లోడు పడేసరికి కిందికి దిగుతుంది. కారణం ఫిల్టరు పూడుకుపోవడం కావచ్చు, ట్యాంకు లోపలి పూత పొరలుగా ఊడి పీల్చే గొట్టానికి అడ్డుపడటం కావచ్చు, పంపు నీరసించడం కావచ్చు. తరచుగా మాత్రం ప్రెషర్ రెగ్యులేటర్లోని చిన్న స్ప్రింగు ఏళ్ల తరబడి నొక్కుకుని మెత్తబడి ఉంటుంది. దాని బదులు కాస్త గట్టి స్ప్రింగు ఒకటి దొరుకుతుంది. నీలంరంగులో ఉంటుంది కాబట్టి అందరూ బ్లూ స్ప్రింగ్ అనే అంటారు. అది వేస్తే ప్రెషర్ 60 దగ్గరికి చేరుతుంది. ఇంజెక్టరు ఖరీదులో దీని ధర ఏ మూలకూ రాదు.

ఇంటర్ చదివే పిల్లాడికి మార్కులు తగ్గితే రెండో ట్యూషన్ పెట్టే తల్లిదండ్రులు చేస్తున్నది ఇంజెక్టరు మార్చడమే. వాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, పొద్దున ఏమైనా తిని వెళ్తున్నాడా, అర్థంకాని లెక్క అడగడానికి వాడికి ఒక్క మనిషైనా ఉన్నాడా? ఇవి చూసుకున్నాక ట్యూషన్ సంగతి ఆలోచించండి. డల్లాస్‌లో పగలంతా ఆఫీసు పని, రాత్రి హైదరాబాద్ టీముతో కాల్స్, ఆ మధ్యలో ఇంకో సర్టిఫికేషన్ అని కూర్చునే మనవాళ్లకూ ఇదే చెబుతాను. ట్రక్కుకు ఎక్కువ పవర్ రావాలని ముందుగా ట్యూనర్ తగిలించి, ప్రెషర్ గేజీ తర్వాత చూద్దాంలే అనుకున్నవాడి ఇంజను ఎక్కువ కాలం నిలవదు. గేజీ ముందు, ఫిల్టర్లు, పంపు, స్ప్రింగు ఆ తర్వాత. ట్యూనింగ్ అన్నిటికన్నా చివర.

ఇక కరెంటు వైపు వద్దాం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. చలికాలం ఉదయం ఈ బండి స్టార్ట్ చేస్తే గ్లో ప్లగ్గులే వంద ఆంపియర్లకు పైగా లాగుతాయి, ఆపైన సెల్ఫు మోటారు తన వాటా తను లాగుతుంది. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించిన బ్యాటరీ, నీరసంగా ఉంటే, ఆ క్షణంలో ఎంతకు పడిపోతుందో చెప్పలేం. మరి ఎఫ్‌ఐసీఎం ఏం చేస్తుంది? వోల్టేజి తగ్గిందని తన పని తగ్గించుకోదు. ఇంజెక్టర్లకు 48 వోల్టులు ఇచ్చి తీరాలి కాబట్టి, తగ్గిన వోల్టేజికి బదులు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆ అదనపు కరెంటుకు వేడెక్కుతుంది. అలా వేడెక్కి వేడెక్కి లోపలి టంకాలు చిట్లుతాయి. మొన్నటిదాకా బాగానే నడిచిన బండి ఒకరోజు స్టార్ట్ అవదు.

చిత్తశుద్ధి ఉన్నవాళ్లు పాడయ్యేది సరిగ్గా ఇలాగే. అందేది తగ్గినా ఇచ్చేది తగ్గించరు. నిద్ర తగ్గితే కాఫీ పెంచుతారు, సహాయం తగ్గితే గంటలు పెంచుతారు. బయటివాళ్లకు తేడా కనిపించదు, ఎందుకంటే 48 వోల్టులు వస్తూనే ఉన్నాయి. మీ కింద పదిమంది పనిచేస్తుంటే, ఫిర్యాదు చేసేవాళ్ల గురించి అంతగా కంగారుపడకండి, వాళ్ల ముల్లు మీకు కనిపిస్తోంది. ఏ పరిస్థితిలోనూ పని తగ్గించని ఆ ఒక్కరి దగ్గరికి వెళ్లి, వాళ్లకు అందుతున్నదెంతో అడగండి. ఆ ఒక్కరు మీరే అయితే, మిమ్మల్ని మీరే అడగండి. ఎంత పని చేశానన్నది కాదు, ఎంత లాగి చేశానన్నది.

ఆల్టర్నేటర్ విషయానికి వస్తే, పెద్దది కొంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే 110 ఆంపియర్లది తీసి ఇంకా పెద్దది పెడతారు. దాని మీద రాసి ఉన్న అంకె ఇంజను జోరుగా తిరిగేటప్పటిది. ట్రాఫిక్‌లో ఐడిలింగ్‌లో ఉంటే, వేడెక్కి ఉంటే, అందులో చాలా తగ్గుతుంది. పాత సన్న కేబులే ఉంచేస్తే తయారైన కరెంటు దారిలోనే కొంత పోతుంది. పైగా ఆల్టర్నేటర్ ఉన్నది బ్యాటరీని నిండుగా ఉంచడానికి. పూర్తిగా చచ్చిన బ్యాటరీని రోడ్డు మీద బతికించే పని పెడితే ఆల్టర్నేటరే కాలిపోవచ్చు. అలాంటి బ్యాటరీకి విడిగా ఛార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఆరు నెలలు ఒళ్లు హూనం చేసుకుని రెండు రోజుల అరకు ట్రిప్పుతో సర్దేద్దామనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

బ్యాటరీలు జోడీగా ఉంటాయి. మన పెద్ద లారీల్లో రెండు 12 వోల్టులవి సిరీస్‌లో కలిపి 24 చేస్తారు, ఈ ట్రక్కులో రెండూ ప్యారలల్‌గా ఉంటాయి. ఎలా కలిపినా ఒకటి పాడైతే రెండూ మార్చమంటారు. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

బ్యాటరీలే కాదు, కొన్ని బండ్లకు ఆల్టర్నేటర్లు కూడా రెండు పెడతారు. రెండింటికీ వేర్వేరు రెగ్యులేటర్లు ఉండి, ఒకటి 14.4 వోల్టుల దగ్గర, ఇంకొకటి 14.1 దగ్గర సెట్ అయి ఉన్నాయనుకోండి. లోడంతా మొదటిదాని మీదే పడుతుంది. అది ఇక మోయలేని స్థితికి వచ్చి వోల్టేజి పడితేగానీ రెండోది పని అందుకోదు. రెండోది చెడిపోలేదు, సోమరిది అసలే కాదు. దాని గీతకు ఇంకా పని కనబడలేదు, అంతే.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ తగువు నేను ఎన్నోచోట్ల విన్నాను. సింకులో రెండు గిన్నెలు కనబడగానే ఒకరు లేస్తారు, ఇంకొకరికి సింకు నిండితేగానీ కనబడదు. రెండోవాళ్లు లేచేసరికి మొదటివాళ్లు కడిగేసి, అలిసిపోయి, అరుస్తూ ఉంటారు. ట్రక్కులో దీనికి చేసే రిపేరు, రెండు రెగ్యులేటర్లనూ ఒకే గీతకు సెట్ చేసి, వోల్టేజిని ఒకేచోట చూసేలా వైరు కలపడం. ఇంట్లో అయితే చేయాల్సిన పనుల కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, గిన్నెలు ఎన్ని అయితే కడగాలో సహా, ఇద్దరూ కూర్చుని రాయండి. మొదటి వారం, ఎప్పుడూ ఆలస్యంగా లేచేవారే ముందు లేవాలి. ఎప్పుడూ ముందే లేచేవారు లేవకుండా కూర్చోవాలి, ఎంత కష్టమనిపించినా.