జాలీ బీరువా మనవళ్లు

సికింద్రాబాద్‌లో కార్ఖానా అన్నది ఒక పేట పేరు కూడా. 1806లో సికందర్ జా పేరుమీద వెలిసిన ఈ కంటోన్మెంటు ఊళ్లో తాతలు చేసిన వంటింటి సామానంటే జాలీ బీరువానే. టేకు చట్రం, కుసి బెజ్జంలో దిగే అతుకు, ఉడికించిన సరేసు, చీమలెక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. మనవళ్లు చేసేది ప్లైవుడ్ పెట్టె. చెక్క మారింది, అతుకు మారింది, బంకా మారింది. కొలత తీసే తీరు మాత్రం మంచి కార్ఖానాల్లో ఇంకా పాతదే.

ముందు వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేయి మడవమంటారు. నేల నుంచి మోచేతికి ఎంతుందో చూసి నాలుగంగుళాలు తగ్గిస్తే అదే గట్టు ఎత్తు. అందరికీ 34 అంగుళాలే అనే రెడీమేడ్ లెక్కతో పొట్టి అత్తగారికి భుజాల నొప్పే మిగులుతుంది.

తర్వాత గోడ. మూల నుంచి ఒక గోడమీద 3 అడుగులు, రెండో గోడమీద 4 అడుగులు గుర్తు పెట్టి మధ్యన టేపు పడితే సరిగ్గా 5 రావాలి. రాదు! రెండు సూతులు, అంటే పావంగుళం తేడా ఉంటే పెట్టెను వంకర చేయరు. గోడ పక్కన పట్టీ కొట్టి సర్దుతారు.

రాణిగంజ్‌లో ప్లై కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర చూడాలి. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది దానికి పెట్టిన పరీక్ష. డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, సింకు కింద మాత్రం వద్దు.

8×4 షీటును కోసేటప్పుడు రంపం తినే మందాన్నీ లెక్కేస్తారు. మరిచినవాడికి ఆఖరి ముక్క పొట్టిదవుతుంది. ఇక లామినేట్. తలుపు లోపలివైపు ఎవరు చూస్తారులే అని వదిలేస్తే పని చెడుతుంది: ఒకవైపే అంటించిన తలుపు విల్లులా వంగుతుంది. రెండువైపులా అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచుతారు.

పెట్టె బిగించాక ఎదురెదురు మూలల కొలతలు రెండూ ఒకటేనా అని చూసి, కబ్జాలకు 35 మిల్లీమీటర్ల గుంతలు తవ్వుతారు.

అంతా నిలబెట్టాక తలుపును ఊరికే వదిలి చెవి పెడతారు. ఒకే చప్పుడు వస్తే సరే. పై మూల ముందు తగిలి, కింది మూల తర్వాత తగిలిందా, పెట్టె మెలి తిరిగినట్టే. కాళ్ల మరలు వదులు చేసి, మట్టం చూసే నీళ్ల గొట్టం మళ్లీ పట్టుకుంటారు.